తిరిగితేనే కరెంటు



నేను హైదరాబాదులోని బర్కత్‌పురలో ఉంటాను. చమన్ దగ్గర ఒక సందులో ముప్పై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, బ్యాటరీలు, ఇవే నా లోకం. ఈ పూట మాత్రం మీతో పడవల గురించి మాట్లాడాలని వచ్చాను. పడవ వెనక బిగించే మోటారు, దాని పక్కనే ఉండే బ్యాటరీ. ఆ బ్యాటరీకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎప్పుడు వస్తుంది? ఎప్పుడు రాదు? ఇదే మన ముచ్చట.

సముద్రం లేని ఊళ్లో కూర్చుని పడవల మాటేమిటని మీరు అడగవచ్చు. చెప్తాను.

2000వ సంవత్సరం, ఆగస్టు 24. ఆ రోజు హైదరాబాదులో ఉన్నవాళ్లు దాన్ని మరచిపోలేరు. ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నిండితే ఆ నీళ్లు నాలాలో పడి, అశోక్‌నగర్ మీదుగా, మా బస్తీల పక్క నుంచే మూసీకి పోతాయి. ఆ రోజు నాలా గట్టు దాటింది. వీధి ఏదో, నాలా ఏదో తెలియలేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు మేడల మీద నిలబడి చూస్తున్నారు.

అప్పుడు ఒక పడవ వచ్చింది. దానికి మోటారు ఉంది. అయినా ఆ పడవను నలుగురు మనుషులు నడుం లోతు నీళ్లలో తాడు కట్టి లాగుతున్నారు. ఎందుకని అడిగాను. "సెల్ఫ్ తీసుకుంటలేదన్నా, బ్యాటరీ డౌన్" అన్నారు. మోటారు బాగానే ఉంది. పెట్రోలు ఉంది. మనుషులకు ధైర్యం ఉంది. లేనిది ఒక్కటే, బ్యాటరీలో కరెంటు. నెలల తరబడి ఆ పడవ షెడ్డులో పడి ఉంది. ఆ నెలల్లో బ్యాటరీని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ దృశ్యం నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోలేదు. అందుకే కొత్తగా మోటారు పడవ కొన్న ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పాలనుకుంటాను. మీరు కాకినాడ తీరంలో చేపల వేటకు వెళ్లేవారు కావచ్చు. కృష్ణ మీదో గోదావరి మీదో పడవ నడిపేవారు కావచ్చు. వరదల్లో సాయం చేసే బృందానికి పడవ కొని ఇచ్చినవారు కావచ్చు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తిరిగితేనే కరెంటు. వేగంగా తిరిగితేనే చాలినంత కరెంటు.

మళ్లీ చెప్తున్నాను. మోటారు తిరిగితేనే కరెంటు. వేగంగా తిరిగితేనే చాలినంత కరెంటు.

ఇది ఎందుకో అర్థం కావాలంటే మీరొకసారి పాత సైకిలును గుర్తుచేసుకోవాలి. మా చిన్నప్పుడు సైకిలు ముందు చక్రానికి సీసాలాంటి చిన్న డైనమో ఉండేది. రాత్రి పూట దాన్ని టైరుకు ఆనించి తొక్కేవాళ్లం. నారాయణగూడ చౌరస్తా నుంచి కిందికి దిగేటప్పుడు సైకిలు జోరుగా పోయేది, లైటు తెల్లగా వెలిగేది. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లు బరువెక్కేవి, లైటు ఎర్రబడేది. సైకిలు ఆగిందా, లైటు ఆరిపోయేది. గుర్తొచ్చిందా? మీ పడవ మోటారు లోపల జరిగేది కూడా సరిగ్గా అదే.

అయస్కాంతం తీగచుట్ట పక్క నుంచి కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుంది. దీన్ని 1831లో మైకేల్ ఫారడే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ప్రయోగం చేసి చూపించాడు. సైకిలు డైనమోకు, పడవ మోటారుకు, పెద్ద పెద్ద జల విద్యుత్ కేంద్రాలకు మూలం ఆ ఒక్క సంగతే. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణమ్మ తిప్పుతుంది. సైకిలు మీద మన కాళ్లు తిప్పుతాయి. పడవలో పెట్రోలు తిప్పుతుంది.

ఇప్పుడు మనం మోటారు పై మూత తీసి లోపలికి చూద్దాం. పైన గుండ్రంగా, బరువుగా ఒక చక్రం కనిపిస్తుంది. అదే ఫ్లైవీల్. దాని లోపలి అంచుకు చుట్టూ అయస్కాంతాలు అతికించి ఉంటాయి. చక్రం కింద, కదలకుండా, రాగి తీగ చుట్టిన కాయిల్స్ ఉంటాయి. మోటారు నడిస్తే చక్రం తిరుగుతుంది. చక్రంతోపాటు అయస్కాంతాలు కాయిల్స్ చుట్టూ తిరుగుతాయి. కాయిల్స్‌లో కరెంటు పుడుతుంది.

అయితే ఇలా పుట్టిన కరెంటు ఊయలలాంటిది. అటు పోతుంది, ఇటు వస్తుంది. బ్యాటరీకి అది పనికిరాదు. బ్యాటరీకి ఒకే వైపు పారే కరెంటు కావాలి. అందుకని మధ్యలో రెక్టిఫయర్ అనే భాగం ఉంటుంది. సైకిలు ట్యూబుకు వాల్వు ఎలాగో, కరెంటుకు రెక్టిఫయర్ అలాగ. వాల్వు గాలిని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. రెక్టిఫయర్ కూడా కరెంటును ఒకే దారిలో పంపుతుంది.

దానితోపాటే రెగ్యులేటర్ ఉంటుంది. చాలా మోటార్లలో ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. మా మెకానిక్కులు దాన్ని ఆర్ఆర్ యూనిట్ అంటారు. రెగ్యులేటర్ పని ఏమిటి? చెరువుకు అలుగు ఎలాగో బ్యాటరీకి రెగ్యులేటర్ అలాగ. చెరువు నిండాక ఎక్కువైన నీరు అలుగు మీద నుంచి పొర్లిపోతుంది. అలుగు లేకపోతే కట్ట తెగుతుంది. అలాగే బ్యాటరీ నిండాక, ఎక్కువైన కరెంటు లోపలికి పోకుండా రెగ్యులేటర్ కాపాడుతుంది. చాలా మోటార్లలో ఆ ఎక్కువ కరెంటు అక్కడే వేడిగా మారిపోతుంది. ఆ డబ్బా మీద రెక్కల్లాంటి గీతలు మీరు చూసి ఉంటారు. గాలి తగిలి ఆ వేడి పోవడానికే అవి.

అంటే మన కథలో ఉన్నది నలుగురే. తిరిగే అయస్కాంతం. కదలని కాయిల్. దారి చూపే రెక్టిఫయర్. అలుగులాంటి రెగ్యులేటర్. ఈ నలుగురూ బాగుంటే బ్యాటరీ నిండుతుంది. ఒక్కరు పడుకున్నా బ్యాటరీకి తిప్పలే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. కారులోనూ ఇలాంటిదే ఉంది కదా, అది నిదానంగా నడిచినా బ్యాటరీ నిండుతుంది కదా అని. నిజమే. కాని కారు ఆల్టర్నేటర్‌లో ఉన్నది విద్యుదయస్కాంతం. కరెంటు ఇచ్చి దాని బలాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. ట్రాఫిక్‌లో కారు నిదానంగా ఉన్నా అది బలం పెంచుకుని పని జరిపిస్తుంది. చాలా పడవ మోటార్లలో ఉన్నవి మామూలు అయస్కాంతాలు. వాటి బలం మారదు. ఇక మారగలిగింది వేగం ఒక్కటే. అందుకే పడవను నిదానంగా నడిపితే కరెంటు సన్నగా వస్తుంది. ఒక్కోసారి బ్యాటరీకి చేరేంత కూడా రాదు. మోటారుతో వచ్చే పుస్తకంలో ఇన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె మోటారు పూర్తి వేగంతో తిరిగినప్పటిది. వలలు వేస్తూ మెల్లగా పోయేటప్పటిది కాదు.

ఇప్పుడు ఒక అనుభవం చెప్తాను. కాకినాడ వైపు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కొత్తగా ఫైబర్ బోటు కొన్నాడు. 40 హార్స్ పవర్ మోటారు, తాళంతో స్టార్ట్ అయ్యేది. "బాబాయ్, ఏడాదిలో రెండో బ్యాటరీ పోయింది. మోటారు ఛార్జింగ్ చేయట్లేదు. కంపెనీవాళ్లు మోసం చేశారు" అన్నాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"మోసం సంగతి తరవాత చూద్దాం బాబూ. రాత్రంతా పడవలో ఏమేం వెలుగుతాయి?" అని అడిగాను.

రెండు లైట్లు. దారి చూపే జీపీఎస్. చేపల జాడ చెప్పే ఫిష్ ఫైండర్. నలుగురి ఫోన్ల ఛార్జింగ్. సాయంత్రం పోతే తెల్లవారే దాకా ఇవన్నీ నడుస్తూనే ఉంటాయట. మరి మోటారు? వేట చోటికి చేరాక ఆపేస్తారు. మధ్యలో వలల కోసం కొంచెం మెల్లగా నడుపుతారు. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఒక గంట జోరుగా నడుపుతారు.

నేనతనికి డబ్బు లెక్కలో చెప్పాను. మీకూ అలాగే చెప్తాను. గంట సేపు ఒక ఆంపియర్ వాడితే ఒక రూపాయి ఖర్చు అనుకోండి. లైట్లు, యంత్రాలు అన్నీ కలిసి గంటకు 4 రూపాయలు తింటున్నాయి. పది గంటల రాత్రికి ఖర్చెంత? 40. మరి రాబడి? ఒడ్డుకు వచ్చేటప్పుడు ఆ గంట జోరుగా నడిపితే వచ్చింది, మహా అయితే 10. ఖర్చు 40, రాబడి 10. మర్నాటి రాత్రి మళ్లీ ఖర్చు 40, రాబడి 10. ఇలాంటి ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది?

కుర్రాడు ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తరవాత "అయితే మోటారు తప్పు లేదా బాబాయ్?" అన్నాడు. లేదు. మోటారు తన శక్తి మేరకు సంపాదిస్తూనే ఉంది. మనం దాని సంపాదనకు మించి ఖర్చు పెడుతున్నాం. లెడ్ ఆసిడ్ బ్యాటరీని రోజూ అడుగంటా వాడేసి, సగం కూడా నింపకుండా వదిలేస్తే అది త్వరగా చచ్చిపోతుంది. రెండు బ్యాటరీలు పోయింది అందుకే.

ఇంకో సంగతి కూడా వినండి. సెల్ఫ్ కొట్టడానికే కరెంటంతా పోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు ఒక్కసారిగా పెద్ద మొత్తంలో కావాలి. అయితే రెండు మూడు క్షణాలే. అది పెద్ద గుక్క, అంతే. రాత్రంతా బొట్టు బొట్టుగా కారే కుళాయి అసలు దొంగ. వెలుగుతూ ఉన్న చిన్న లైటే ఆ కుళాయి.

అతను ఏం చేశాడు? మూడు పనులు చేశాడు. పాత బల్బులు తీసి ఎల్ఈడీ లైట్లు పెట్టాడు, ఖర్చు తగ్గింది. సెల్ఫ్‌కు ఒక బ్యాటరీ, లైట్లకు వేరే బ్యాటరీ పెట్టాడు. లైట్ల బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా, సెల్ఫ్ బ్యాటరీ తన పని తాను చేస్తుంది. ఇక మూడోది, ఒడ్డుకు రాగానే లైట్ల బ్యాటరీని ఇంటికి తీసుకుపోయి ఇంటి కరెంటుతో నింపుతున్నాడు. ఆ తరవాత బ్యాటరీ గురించి నాకు ఫోన్ రాలేదు. పండక్కి మాత్రం వచ్చింది.

రెండు బ్యాటరీలు కొనేటప్పుడు ఒక తేడా తెలుసుకోండి. కారు బ్యాటరీ పరుగు పందెంలో మనిషి లాంటిది. ఒక్క ఉదుటున బలం చూపిస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ బండి లాగే ఎద్దు లాంటిది. గంటల తరబడి నిదానంగా లాగుతుంది. పడవలో కూడా అంతే. సెల్ఫ్‌కు మొదటి రకం కావాలి, లైట్లకు రెండో రకం కావాలి.

ఇప్పుడు కొత్తగా కొన్నవాళ్లు అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. నా మోటారు అసలు ఛార్జింగ్ చేస్తుందా? ఇది చిన్న ప్రశ్న కాదు. తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న మోటార్లు చాలావాటిలో ఛార్జింగ్ ఏర్పాటే ఉండదు. వాటిలో మెరుపు పుట్టించే కాయిల్ ఉంటుంది. దానితో ప్లగ్గు వెలుగుతుంది, మోటారు నడుస్తుంది. బ్యాటరీకి మాత్రం ఏమీ రాదు. కొన్నింటిలో లైటు వెలిగించేంత కాయిల్ ఉంటుంది కాని రెక్టిఫయర్ ఉండదు. అలాంటి మోటారుకు బ్యాటరీ తగిలించి, నిండుతుందని ఎదురుచూస్తే బోరు వేయని చోట చేతిపంపు కొట్టినట్టే. కొనేటప్పుడే అడగండి. పుస్తకంలో చూడండి.

ఇంకో ప్రశ్న కూడా అడగండి. బ్యాటరీ డౌన్ అయితే ఈ మోటారు తాడుతో స్టార్ట్ అవుతుందా? చిన్నవి అవుతాయి. కంప్యూటరు, పెట్రోలు పంపు కరెంటుతో నడిచే పెద్ద మోటార్లు బ్యాటరీ లేకపోతే కదలవు. నడి సముద్రంలోకి వెళ్లకముందే ఈ జవాబు తెలిసి ఉండాలి.

సరే, నా మోటారు ఛార్జింగ్ చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంత సులువైన పరీక్ష ఇంకోటి లేదు. ఒక మల్టీమీటర్ కొనండి. మా ట్రూప్‌బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగినా ఇస్తారు. మూడు అంకెలు గుర్తుంటే చాలు.

మోటారు ఆపి, కొన్ని గంటలు ఊరుకున్నాక బ్యాటరీ మీద చూడండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. తరవాత మోటారు స్టార్ట్ చేసి, కాస్త రేజ్ చేసి చూడండి. అంకె పెరిగి 14 దగ్గరికి రావాలి. పెరగలేదా, కరెంటు రావడం లేదు. 15 దాటిందా, అలుగు పని చేయడం లేదు, రెగ్యులేటర్ పోయింది. వెంటనే మెకానిక్కుకు చూపించండి. లేకపోతే బ్యాటరీ ఉడికిపోతుంది.

మళ్లీ చెప్తున్నాను, కాగితం మీద రాసుకోండి. ఆగినప్పుడు 12.6. నడిచేటప్పుడు 14. 15 దాటితే ప్రమాదం.

ఈ పరీక్ష పడవ నీళ్లలో ఉండగానే చేయండి. పొడి నేల మీద మోటారు నడపకండి. నీటితోనే దాని ఒళ్లు చల్లబడుతుంది. నీళ్లు లేకపోతే లోపలి రబ్బరు పంపు నిమిషాల్లో కాలిపోతుంది.

కరెంటు రావడం లేదని తెలిసిందనుకోండి. భయపడి వెంటనే కాయిల్ మార్చకండి. ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. నా అనుభవంలో చాలాసార్లు తప్పు అక్కడే దొరికింది. ఉప్పు గాలికి తెల్లగా, పచ్చగా చిలుము పడుతుంది. అలల అదురుకు నట్లు వదులవుతాయి. వైర్లు విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, గట్టిగా బిగించి, పైన వ్యాజిలైన్ రాయండి. ఫ్యూజు చూడండి. అప్పటికీ రాకపోతేనే మెకానిక్కును పిలవండి.

ఇక చేయకూడని పనులు. మోటారు నడుస్తుండగా బ్యాటరీ వైరు ఎప్పుడూ తీయకండి. రెండు బ్యాటరీల స్విచ్ ఉంటే దాన్ని నడిచేటప్పుడు ఆఫ్‌కు తిప్పకండి. ఎందుకంటే పారుతున్న కాలువకు ఉన్నట్టుండి అడ్డం కడితే నీళ్లు ఎగదన్నుతాయి. కరెంటు కూడా అలాగే ఎగదన్ని రెక్టిఫయర్‌ను కాల్చేస్తుంది. ప్లస్, మైనస్ తారుమారుగా తగిలించకండి. ఒక్క క్షణం తగిలినా రెక్టిఫయర్ పోతుంది. ఎరుపు వైరు ప్లస్‌కు. బిగించే ముందు రెండుసార్లు చూసుకోండి. బ్యాటరీ నిండేటప్పుడు దానిలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. నిప్పు తగిలితే పేలుతుంది. దాని దగ్గర బీడీ, సిగరెట్ వద్దు. బ్యాటరీ పెట్టెకు గాలి తగలనివ్వండి. డిస్టిల్ వాటర్ తగ్గితే డిస్టిల్ వాటరే పోయండి, కుళాయి నీళ్లు పోయకండి.

ఈ మధ్య లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. తేలికగా ఉంటాయి, బాగుంటాయి. కాని వాటి ఆకలి పెద్దది. ఎంత కరెంటు వస్తే అంతా ఆగకుండా తాగుతాయి. మోటారు కాయిల్స్ వేడెక్కి కాలిపోవచ్చు. లిథియం పెట్టాలనుకుంటే మధ్యలో కరెంటును అదుపు చేసే ఛార్జర్ ఉండాలి. మోటారు కంపెనీ పుస్తకం ఒప్పుకుంటుందో లేదో చూసి మరీ పెట్టండి.

చివరిగా మళ్లీ అశోక్‌నగర్ నీళ్ల దగ్గరికి వస్తాను.

2000 తరవాత కూడా వరదలు ఆగలేదు. 2020 అక్టోబరులో టోలీచౌకి వీధుల్లో పడవలు తిరిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగితే విజయవాడ సింగ్‌నగర్‌లో పడవలే బస్సులయ్యాయి, పడవలే అంబులెన్సులయ్యాయి. చేపల వేటకు పోయే పడవ రోజూ తిరుగుతుంది. అది కొంతైనా సంపాదించుకుంటుంది. వరద కోసం ఉంచిన పడవ సంగతి వేరు. అది ఏడాదిలో పది రోజులు కూడా తిరగదు. తిరగని మోటారు నుంచి కరెంటు రాదు. బ్యాటరీ మాత్రం ఊరికే కూర్చున్నా కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుంది. ఎండాకాలంలో ఇంకా త్వరగా దిగుతుంది.

కాబట్టి అలాంటి పడవ మీ దగ్గర ఉంటే నెలకొక రోజు పెట్టుకోండి. ప్రతి అమావాస్యకు అనుకోండి, జీతం వచ్చిన రోజు అనుకోండి, మీ ఇష్టం. ఆ రోజు షెడ్డు తలుపు తీయండి. మీటర్ పెట్టి చూడండి. ఇంటి కరెంటుతో బ్యాటరీ నింపండి. టెర్మినళ్లు తుడవండి. వానాకాలం రాకముందు ఒకసారి పడవను చెరువులో దింపి, సెల్ఫ్ కొట్టి, మోటారును జోరుగా నడిపి చూడండి. ఇదంతా పూట పని.

ఆ రోజు పడవను లాగిన నలుగురి చేతులకూ తాడు రాసుకుని రక్తం వచ్చింది. అయినా ఆపలేదు, పొద్దుపోయే దాకా మనుషులను చేరవేశారు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. వాళ్లకు కావలసింది మనం నెలకొక పూట చేసే ఆ చిన్న పనే. ఈ సారి వాన పెద్దదైనప్పుడు, మీ పడవ తాళం తిప్పిన మనిషి చేతిలో మోటారు ఒక్క పిలుపుకే లేవాలి. మేడ మీద ఎదురుచూసేవాళ్లకు ఆ చప్పుడు వినపడాలి.

తిరిగితేనే కరెంటు. తిరగని రోజుల్లో ఆ కరెంటు మన చేతిలో ఉంది.